ముందు వరసలో నా తువాలు

ముందే ఒప్పుకుంటున్నాను: ఇందులో తెలివితక్కువ పని చేసింది దయ్యం కాదు, నేను.

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో పశువుల ఆసుపత్రి కాంపౌండరుగా చాలా ఏళ్ళు చేసినాను. ఆవుకు గాలి సోకిందని పిలిస్తే పోయి, దాని కడుపులో ప్లాస్టిక్ సంచి ఉందని చెప్పి వచ్చినవాణ్ణి. దయ్యం పట్టిన ఎనుమును నేను ఇంతవరకు చూడలేదు. దయ్యాల్లాంటి యజమానులను మాత్రం చూసినాను.

నా తెలివితక్కువతనం ఏమంటే, అరవయ్యో పుట్టినరోజున భార్యను ఇంట్లో వదిలిపెట్టి, ఒక్కణ్ణే బెంగళూరికి నాటకం చూడటానికి పోవడం.

అరవై నిండితే శాంతి చేయించి, ఆలుమగలకు మళ్ళీ పెళ్ళి చేసే ఆచారం మీకు తెలిసిందే. నా భార్య రత్న దానికోసమని ధర్మవరం పోయి మెరూన్ రంగు పట్టుచీర తెచ్చి బీరువాలో పెట్టుకునింది. నాకేమో షష్టిపూర్తిలో ఆ 'పూర్తి' అనే మాట గిట్టలేదు. మా ఊరికి రావాల్సిన కాలువే ఇంకా పూర్తి కాలేదు, నేను అప్పుడే పూర్తి కావడమేమిటి?

ఇంకొక కారణం కూడా ఉంది. వయసులో ఉన్నప్పుడు మా ఊరి పౌరాణిక నాటకాల్లో నేను వేషం కట్టేవాణ్ణి. ఏ నాటకమైనా నాది ఒకటే వేషం, భటుడు. "మహారాజా, దూత వచ్చినాడు" అని చెప్పి, ఈటె పట్టుకొని పక్కన నిలబడాలి. అందువల్ల నాటకమంటే నాకు రాజుగారి చెవి, రాణిగారి జడ తప్ప ఇంకేమీ తెలియదు. ఒక్కసారైనా పెద్ద ఊర్లో, పెద్ద నాటకశాలలో, ముందు వరసలో మెత్తటి కుర్చీలో కూర్చొని, నాటకాన్ని ఎదురుగా చూడాలని కోరిక. కాంపౌండరును కదా, ఇన్నేళ్ళూ కాంపౌండు దాటలేదు. ఈసారి దాటాలనుకున్నాను.

రత్న నన్ను ఆపలేదు. ఒక మాట మాత్రం అనింది.

"అరవై నిండే దినం మనిషి ఒంటిగా ఉండకూడదయ్యా. పక్కన మనిషి లేకపోతే, ఆ చోట్లోకి ఇంగొకరు వచ్చి కూచుంటారు."

"ఎవరొస్తారే?"

"వచ్చినప్పుడు నీకే తెలుస్తాది. నాకేం, నేను ఈడనే ఉంటా."

బస్టాండులో బస్సు రాగానే నా అలవాటు ప్రకారం కిటికీలోనుంచి తువాలు విసిరి సీటు పట్టినాను. మా వైపు ఎక్కేది తర్వాత, ముందు తువాలు. తువాలు పడిన చోట ఇంకెవరూ కూర్చోరు. కూర్చుంటే పెద్ద పంచాయితీ అవుతుంది. నా తువాలు తెల్లది, పచ్చ అంచు ఉంటుంది. అదిక్కడ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదానికి అదే మూలం.

మెజిస్టిక్ దగ్గర లాడ్జిలో దిగి, పొద్దున్నే లాల్‌బాగ్ చూసినాను. గడ్డికి గొట్టంతో నీళ్ళు చిమ్ముతున్నారు. మా శెనక్కాయ చేన్లకు లేని నీళ్ళు. కాసేపు ఆ గడ్డిమీద కోపం తెచ్చుకొని, తర్వాత దానిమీదే కూర్చొని రత్న కట్టిచ్చిన ఓళిగలు తిన్నాను. బయట నుంచి విధానసౌధ చూసినాను. పుట్టినరోజని ఎవరికీ చెప్పలేదు. చెప్పేదానికి ఎవరూ లేరు కూడా. ఆ సంగతి ఆఖరి ఓళిగ ఎవరికిద్దామా అని పక్కకు చూసినప్పుడు కొంచెం తెలిసింది.

నాటకం మధ్యాహ్నం ఆట. కన్నడ నాటకం. సరిహద్దులో పుట్టినవాళ్ళం, అర్థం కాకపోవడం ఏమీ లేదు. ఆ నాటకశాలలో కుర్చీలకు నంబర్లు లేవు, ముందు పోయినవాళ్ళకు ముందు చోటు. నేను అందరికంటే ముందే పోయి, ముందు వరసలో దారి పక్క కుర్చీ మీద తువాలు పరిచి, కాఫీకి బయటికి వచ్చినాను. బెంగళూరువాళ్ళకు తువాలు భాష రాదని నాకు తోచలేదు.

తిరిగి వచ్చేసరికి నా కుర్చీలో ఒకాయన కూర్చొని ఉన్నాడు. నా తువాలు తీసి తన భుజం మీద వేసుకున్నాడు.

పోయి నాలుగు మాటలు అడుగుదామని రెండడుగులు వేసినానో లేదో, గంట కొట్టి దీపాలు ఆర్పినారు. ఎవరో వెనకనుంచి కూర్చోమన్నారు. సరిగ్గా ఆయన వెనక కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూలబడినాను. విరామంలో చూసుకుందామని ఊరుకున్నాను.

కాబట్టి నా అరవయ్యో పుట్టినరోజు నాటకంలో సగం నాకు కనిపించింది ఆయన తలకాయ. మళ్ళీ భటుడి బతుకే. వేదిక మీది వెలుతురులో ఆ తల స్పష్టంగా కనిపించింది. నెరిసిన జుట్టు, మెడ మీద రెండు మడతలు. ఎడమ చెవి వెనక శెనక్కాయ గింజంత మేర వెంట్రుకలు లేవు, నున్నగా ఉంది. పశువులను చూసే కన్ను కదా, తామరేమో అనుకున్నాను. తామర కాదు, పుట్టుకతో వచ్చిన మచ్చలాగుంది. ఆయన నవ్వినప్పుడు భుజాలు మాత్రమే ఎగిరేవి, శబ్దం వచ్చేది కాదు. నాకు నవ్వు వచ్చిన చోటల్లా ఆయన భుజాలు ఎగిరినాయి.

నాటకంలో రాజ్యం పోగొట్టుకున్న ముసలి రాజు ఒకడు కోట విడిచిపోతూ పాట ఎత్తుకున్నాడు. అబ్బ, ఏం గొంతప్పా అది!

మా వైపు పద్యం బాగుంటే 'వన్స్ మోర్' అని అరవాల్సిందే. అరవకపోతే పాడినవాడు నొచ్చుకుంటాడు. చచ్చిపడిన రాజు కూడా వన్స్ మోర్ అంటే లేచి, పంచె సర్దుకొని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడు. ఒకే రాజును ఒకే నాటకంలో పదేపదే మోసిన భుజాలు నావి. అలవాటుకొద్దీ ఆ మాట నా గొంతు దాకా వచ్చింది. కానీ ఇది బెంగళూరు. అరవై వచ్చినవాడు అరవకూడదని నోరు బిగించుకున్నాను. నోట్లో పిప్పరమెంటు బిళ్ళ ఉండింది, దాన్ని పళ్ళతో పట్టుకొనే ఉన్నాను. ఈ సంగతి నాకు బాగా గుర్తుంది.

"వన్స్ మోర్!"

ముందు కుర్చీలోనుంచే వచ్చింది ఆ అరుపు. అచ్చం మా ఊరి అరుపు, 'మోర్' దగ్గర సాగదీసి.

రాజు పాట తడబడింది. జనమంతా తిరిగి చూసినారు. చూసింది ఆయన్ను కాదు, నన్ను. పక్కన కూర్చున్న ఆమె కూడా నావైపే చూసి, ఇదేం మనిషి అన్నట్టు తల ఆడించింది. టార్చి పట్టుకున్న మనిషి వచ్చి నా ముఖం మీదే వెలుగు వేసినాడు.

"ఏం సార్, పెద్దవాళ్ళు మీరే ఇట్ల చేస్తే ఎట్ల? ఇది జాతర కాదు సార్."

నేను కాదు, ముందాయన అని చెబుదామనుకున్నాను. ముందాయన కదలకుండా వేదిక వైపే చూస్తున్నాడు. నా నోట్లోనుంచి వచ్చింది మాత్రం, "తప్పయిపోయిందప్పా, మా ఊరి అలవాటు" అనే మాట. అదీ నా ధైర్యం.

విరామంలో దీపాలు వెలిగేసరికి ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన లేవడం నేను చూడలేదు. నా తువాలు కుర్చీ మీద, నేను ఎట్లా పరిచి పోయినానో అట్లానే ఉంది. పోయి కూర్చున్నాను. కుర్చీ వెచ్చగా ఉంది. మిగతా నాటకం ముందు వరసలోనుంచే చూసినాను గానీ, ఏం చూసినావని అడిగితే చెప్పలేను. నా మెడ వెనక ఎవరో చూస్తున్నట్టు జిలజిలమంటూనే ఉండింది. తిరిగి చూడలేదు.

ఇంటికి వచ్చినాక, నా చోటు లాక్కున్నవాడి మీద కోపంతో ఇదంతా రత్నకు చెప్పినాను. అప్పటిదాకా నాతో ముభావంగా ఉన్న మనిషి, చేతిలో గిన్నె కింద పెట్టి అడిగింది.

"ముఖం చూసినావా?"

"లేదు, వెనకనుంచే. ఎడమ చెవి వెనక గింజంత బోడి. మెడ మీద రెండు మడతలు."

 రత్న నన్ను అవతలికి తిరగమని, తన ఫోనుతో నా తల వెనక ఫోటో తీసి చూపించింది. ఎడమ చెవి వెనక గింజంత బోడి. మెడ మీద రెండు మడతలు.

"ఇన్నేండ్లుగా స్కూటర్ మీద నీ ఎనకాల కూచుంటాండా. నాకు తెల్దా? చెప్తే బాధపడతావని చెప్పలా" అనింది.

మంగలి షాపులో అడిగితే, "ఎప్పటినుంచో ఉండాది గదన్నా, నీకు తెలుసనుకున్యా" అన్నాడు. ఊరందరికీ తెలుసు, నాకు తప్ప. తన తల వెనక ఏముందో తాను చూడలేడు గదా మనిషి. నేను ఎప్పుడూ చూడని, నాకు తెలియని మచ్చను, బెంగళూరులో ఒక పరాయి తల మీద చూసి వచ్చినాను. మా రత్న మాట నిజమైంది: ఆరోజు నేను ఒంటిగా లేను.

అరవయ్యేళ్ళ మగవాళ్ళ తలలన్నీ వెనకనుంచి ఒకలాగే ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను. మచ్చ మీద వెలుతురు అట్లా పడి ఉండవచ్చని చెప్పుకున్నాను. రత్న దగ్గర మాత్రం ఈ మాటలు పనికిరాలేదు. ఎందుకంటే ఆమె అనుమానం వేరు.

ఆమె స్కూటర్ ఎక్కే ముందు నా చెవి వెనక వేలితో తడిమి చూసేది. మొదట పరాచికం అనుకున్నాను. ఒకరోజు అడిగేసింది.

"ఆ దినం బస్సు దిగి ఇంటికొచ్చినోడు నువ్వేనని నాకేం నమ్మకం? ఇద్దరికీ మచ్చ ఉండాదంటివే."

"నేను కాకపోతే ఎవరే?"

"మనం మొదట కొన్న ఎనుము పేరు చెప్పు."

"గౌరి."

"గంగ" అనింది. ఆ పూట స్కూటర్ ఎక్కకుండా నడిచే పోయింది.

ఆలస్యంగానైనా శాంతి చేయించుకున్నాం. రత్న ఆ పట్టుచీర కట్టుకునింది, నేను మళ్ళీ తాళి కట్టినాను. ముడి వేసేటప్పుడు కూడా ఆమె నా ముఖంలోకి కాక చెవివైపు చూస్తూ ఉండింది. రాత్రిపూట మెలకువ వస్తే, నా వీపు మీద ఆమె చూపు తగిలేది. ఇట్లా నెలలు గడిచినాయి. ఎద్దులకు, గొర్రెలకు నేనేనని తెలుసు. ఇంట్లో భార్యకు తెలియదు. ఇంతకంటే హీనమేముంటుంది?

చివరికి అదే నాటకశాలలో అదే నాటకం మళ్ళీ ఆడుతున్నారని తెలిసి, నేనే అన్నాను, "నువ్వు కూడా రా. ఇద్దరం చూద్దాం" అని. ఆమె వెంటనే బయలుదేరింది. కిటికీలోనుంచి తువాలు విసిరి ఇద్దరికీ సీటు పట్టినాను.

ఈసారి ముందు వరసలో దారి పక్క కుర్చీ మీద తువాలు పరిచి, మేమిద్దరం రెండు వరసల వెనక కూర్చున్నాం. హాలు నిండింది. తువాలు ఉన్న కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోలేదు. దీపాలు ఆరినాక కూడా నేను చూస్తూనే ఉన్నాను, రత్న చూస్తూనే ఉంది. కుర్చీ అంచు పైన తల లేదు. ఖాళీ.

ముసలి రాజు కోట విడిచి పాట ఎత్తుకున్నాడు.

పోయినసారి అరిచింది వాడు, తిట్లు తిన్నది నేను. అది నా కడుపులో అట్లాగే ఉండిపోయింది. పాట ముగియగానే, మా ఊరి గాలి మొత్తం ఊపిరితిత్తుల్లోకి పీల్చుకొని, 'మోర్' దగ్గర సాగదీసి అరిచినాను. రత్న ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకునింది. టార్చి వెలుగు వచ్చింది. ఈసారి టార్చి పట్టుకున్నది ఒకామె, నన్ను ఎప్పుడూ చూడని మనిషి. ఆమె నోరు తెరిచే లోపల నేను వేలు చాపి, ముందు వరసలో తువాలు ఉన్న కుర్చీని చూపించినాను.

ఖాళీ కుర్చీని చూసి తిరిగివచ్చి నన్నే తిడుతుందని తెలుసు. ఆ మాత్రం చిల్లర కసి తీర్చుకుందామనే.

ఆమె అక్కడికి పోయింది. టార్చి తువాలు మీద వేసింది. వంగింది. గుసగుసగానే ఏదో మందలించింది. కాసేపు ఆగి, వింటున్నట్టు తల ఊపింది. తర్వాత మా దగ్గరికి వచ్చి, నా వైపు వంగి చెప్పింది.

"చెప్పినాను సార్. 'తప్పయిపోయిందప్పా, మా ఊరి అలవాటు' అనినారు ఆ పెద్దాయన. ఇంక అరవరు."

 ఆ మాటలు పోయినసారి నేను వేరే టార్చి మనిషితో అన్నవి, ఈమెకు తెలిసే దారి లేదు. ఆ కుర్చీలో ఎవరున్నారో, ఆమె ఎవరితో మాట్లాడిందో నాకు తెలియదు. అప్పుడూ తెలియదు, ఇప్పటికీ తెలియదు. ఎంత ఆలోచించినా ఏ మందూ పనిచేయని జబ్బు ఇది.

చీకట్లో రత్న చెయ్యి నా తల వెనక్కి వచ్చింది. ఎడమ చెవి వెనక ఆ గింజంత చోటు తడిమింది. ఈసారి వేలు తీయకుండా అక్కడే ఉంచింది.

"వాడు ఆడుండాడు" అనింది చిన్నగా. "అయితే ఈడుండేది మావోడే."

నాటకం అయినాక తువాలు తెచ్చుకుందామని నేను లేచినాను. రత్న చొక్కా పట్టుకొని ఆపింది.

"ఉండనీలేవయ్యా. పాపం, నీ పాలి తిట్లు తినినాడు. తువాలన్నా మిగలనీ."