పెదనాన్న గొడుగు చప్పుడు

మా పెదనాన్న ఇల్లందు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. హోటల్లో, బస్టాండులో, చివరికి చర్చి వరండాలో కూడా గొడుగెత్తి పైకప్పును తట్టి చెవి ఒగ్గేవాడు. బాయిలో అలా కర్రతో తట్టి చూశాకే కప్పు కింద అడుగుపెడతారట. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే కూలేది. ఒకరోజు బాయిలో ఆయన జతగాడు బండ పడి చనిపోయాడు. ఆ రోజు పెదనాన్న తట్టడం మరిచిపోయి ఉంటాడని, అందుకే ఈ అలవాటు పట్టుకుందని ఇంట్లో అందరం అనుకునేవాళ్లం.

క్రిస్మస్ సెలవుల్లో ఆయన్ని ఖమ్మంలో కొత్తగా పెట్టిన అమ్యూజ్‌మెంట్ పార్కుకు తీసుకెళ్లాం. సాయంత్రం రోలర్‌కోస్టర్ దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. నేనూ తమ్ముడూ కూర్చోగానే మా ఒళ్లోకి దిగిన ఇనుప కడ్డీని పెదనాన్న గొడుగుతో టకటకా కొట్టాడు. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది.

"ఏంది పెద్దమనిషీ, జల్దీ జరుగు!" అని వెనక ఎవరో అరిచారు.

"మంచిగనే మోగుతుంది, పోండ్రి," అని మాతో చెప్పి, ఆయన మాత్రం ఎక్కకుండా పక్కకు తప్పుకున్నాడు.

బండి గిర్రున తిరిగినప్పుడల్లా కింద జనం కనిపించారు. అందరూ ఫోన్లెత్తి కేకలు వేస్తున్నారు. ఆయన ఒక్కడే రెండు చెవులూ మూసుకుని నేల చూస్తున్నాడు.

దిగాక నవ్వుతూ అడిగాను. "మంచిగనే మోగిందన్నవ్ గదా పెదనాన్నా, మరి గంత భయమెందుకు?"

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ రోజు గూడ మంచిగనే మోగింది బిడ్డా. నేనే వాణ్ణి పొమ్మన్న."