ఆపిల్ గదికి వెళ్లని మూడు పూలు

"...పదకొండు మంది పెట్టుకున్న గది అక్కా అది, నీ పూలకి మాత్రం పనికిరాదా?"

మెర్విన్ బురద బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి అడుగుతున్నాడు. ఊనా బరిడ్జ్ సింకు దగ్గర నిలబడి కత్తి కడుగుతోంది.

"చల్లదనం సంగతి కాదురా. ఆ గదిలో వెనకాల ఇంకా నాలుగు పెట్టెల ఆపిల్స్ ఉన్నాయి."

"ఉంటే? అవేమన్నా కరుస్తాయా?"

"కరుస్తాయి," అంది ఊనా.

అంతకు మూడు రోజుల ముందు నది పొంగి మా ఊరు గ్లెన్ ఫెర్రీ హాలులోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. జూన్ మొదటి శనివారం జరగాల్సిన చలికాలపు కూరగాయల పోటీ రెండు వారాలు వెనక్కి పోయింది. మిగతా కూరగాయలకు పెద్ద నష్టం లేదు. కాలీఫ్లవర్ పెంచేవాళ్లు మాత్రం తల పట్టుకున్నారు. అనుకున్న రోజుకు సరిగ్గా తయారైన పువ్వు ఇంకో నాలుగు రోజులు మడిలో ఉంటే విచ్చుకుపోతుంది. అప్పుడు పోటీ సంఘం అధ్యక్షుడు ట్రెవర్ స్కీలీ, తన తోటలోని ఆపిల్స్ దాచే చల్లగదిని అందరికీ ఇస్తానన్నాడు. సాయంత్రానికి పదకొండు మంది పూలు కోసి అక్కడికి చేర్చారు. ఊనా వెళ్లలేదు.

ఆ పూల మీద ఆమె పెరడు ఆధారపడి ఉంది. ఇల్లు వాళ్ల నాన్నది, ఇప్పుడు అక్కాతమ్ముళ్లిద్దరి పేరు మీద ఉంది. రోడ్డు పనుల నుంచి రిటైరై రెండేళ్ల కిందట తిరిగొచ్చిన మెర్విన్ తన క్యారవాన్‌ని ఇంటి ముందు గడ్డి మీద నిలిపాడు. దాన్ని పెరట్లో పెట్టి పైన రేకులు వేయాలని, అందుకు మడి మీద కాంక్రీటు పోయించాలని అతని పట్టుదల. ఏడాదంతా వాదించుకున్నాక చివరికి ఒక మాట మీదకు వచ్చారు. ఒకేలాంటి మూడు కాలీఫ్లవర్లు పెట్టే పోటీలో ఊనాకు నీలం కార్డు, అంటే మొదటి బహుమతి, వస్తే మడి ఉంటుంది. రాకపోతే జూలైలో కాంక్రీటు లారీ వస్తుంది.

వాళ్ల నాన్న క్లారీ ఆ పోటీలో పద్నాలుగు సార్లు గెలిచాడు. ఊనా చిన్నప్పుడు నీళ్లు మోసింది, సున్నం బస్తాలు మోసింది. పువ్వు కోడిగుడ్డంత అయ్యాక మాత్రం ఆయన ఆడపిల్లను మడి దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పువ్వుకు ఎండ తగలకుండా పైన ఆకులు ఎప్పుడు కట్టాలో మెర్విన్‌కి చెప్పాడు. మెర్విన్ వినలేదు. ఊనా పదిహేనో ఏట ఆపిల్ ప్యాకింగ్ షెడ్డులో చేరి నలభై ఒక్క ఏళ్లు బెల్టు ముందు నిలబడి దెబ్బతిన్న కాయలు ఏరింది. నాన్న పోయి, తనూ పని మానేశాక మడిలోకి దిగింది. మొదటి ఏడాది నారు డబ్బాల్లో ఎక్కువ రోజులు ఉంచేసింది. మొక్కలు ఎదగకముందే బొత్తాలంత పూలు వచ్చి ఆగిపోయాయి. రెండో ఏడాది ఆకులు ఆలస్యంగా కట్టడంతో పూలు ఎండకు పసుపెక్కాయి. ఆ తర్వాత గొంగళి పురుగులు. ఆరేళ్లలో ఆమెకు ఒక్క మూడో బహుమతి వచ్చింది.

ఈసారి జనవరిలో ఇరవై నాలుగు మొక్కలు నాటింది. ఒక్కరోజు కూడా నేల ఆరనివ్వలేదు. పువ్వు కనిపించిన రోజే ఆకులు పైకి మడిచి, పాత మేజోళ్లు పీలికలుగా చించి వదులుగా కట్టింది. మే చివరికి ఒకే అచ్చులో పోసినట్టున్న పూలు అయిదు తేలాయి. అంతలోనే వరద.

ఆమె ట్రెవర్‌కు ఫోను చేసి, ఆపిల్స్ తీసేయకపోతే అందరి పూలూ పోతాయని చెప్పింది. షెడ్డులో ఉన్నప్పుడు ఫోర్‌మన్ ఒకాయన కూతురి పెళ్లి పూలు ఆపిల్ గదిలో పెట్టాడు. మూడో రోజుకు రేకులన్నీ నేల మీద ఉన్నాయి. ఆపిల్ తాను మాగుతూ పక్కనున్నదాన్ని కూడా ముసలిదాన్ని చేస్తుందని ఊనా అప్పుడే నేర్చుకుంది. ట్రెవర్ మర్యాదగానే విన్నాడు. నాలుగు పెట్టెలు ఎంతని, పైగా ముప్పై ఏళ్లుగా అదే గదిలో సరుకు దాస్తున్నానని అన్నాడు.

"ఆపిల్స్ దాచావు ట్రెవర్. పూలు దాచలేదు," అని ఊనా ఫోను పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం అయిదు మొక్కల్నీ వేళ్లతో సహా పెరికింది. మట్టి దులిపి, అడుగు ఆకులు తీసేసి, ఎండ తగలని కట్టెల కొట్టంలో దూలానికి తలకిందులుగా వేలాడదీసింది. రోజూ పొద్దున్నే ఇస్త్రీకి వాడే సీసాతో వాటి మీద నీళ్లు చల్లేది. మిగిలిన మొక్కల పూలు కోసి, ఉప్పునీళ్లలో ముంచి పురుగులు తేలాక కడిగి, కొన్ని మరిగే నీళ్లలో మూడు నిమిషాలు ఉంచి ఫ్రీజర్‌లో పెట్టింది. కొన్ని ఆవపిండితో ఊరగాయ పెట్టింది.

అయిదో రోజుకు కొట్టంలో ఆకులు తడిగుడ్డల్లా వేలాడాయి. మెర్విన్ పొద్దున కట్టెల కోసం వెళ్లి వచ్చినప్పుడల్లా "నీ గబ్బిలాలు కులాసాయేనా అక్కా?" అని అడిగేవాడు. ఎనిమిదో రోజు రాత్రి చెట్లెక్కి తిరిగే పోసమ్ అనే జంతువు ఒకటి దూలం ఎక్కి ఒక పువ్వును సగం కొరికేసింది. పదకొండో రోజు ఇంకో పువ్వు వదులయింది. మిగిలినవి సరిగ్గా మూడు. మెర్విన్ ఆ రోజు నవ్వలేదు. కొట్టం తలుపు కింద పోసమ్ దూరే సందుకి చెక్క కొట్టి వెళ్లాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె వాటిని దించి, కాడ కొత్తగా కోసి నీళ్ల బకెట్లో నిలబెట్టింది. సాయంత్రానికి ఆకులు లేచాయి.

పోటీ రోజు నేను న్యాయనిర్ణేత వెనక కార్డుల పెట్టె పట్టుకుని తిరిగాను, అందుకని అన్నీ చూశాను. ట్రెవర్ మనుషులు చల్లగది నుంచి తెచ్చిన పెట్టెలు తెరిచారు. ఒకాయన తన పువ్వును ఆకు పట్టుకుని ఎత్తాడు. ఆకు చేతిలోకి వచ్చింది, పువ్వు పెట్టెలోనే ఉండిపోయింది. తెలుపు ఏ పెట్టెలోనూ లేదు, పాత కాగితం రంగు. పదకొండు మందిలో ముగ్గురే బల్ల మీద పెట్టడానికి సాహసించారు. ట్రెవర్ తన పెట్టె మూత తిరిగి వేసేశాడు.

న్యాయనిర్ణేత మిసెస్ హాండ్లీ ఊనా పూల ముందు చాలాసేపు ఆగింది. బొటనవేలితో నొక్కింది. తిప్పి కాడ చూసింది. మూడింటినీ దగ్గరగా జరిపి కొలిచింది.

"ఎప్పుడు కోశారు?"

"నిన్న."

"మరి మడిలోంచి పెరికింది ఎప్పుడు?"

"పదిహేను రోజులైంది."

మిసెస్ హాండ్లీ ఇంకోసారి వంగి చూసింది. నా వైపు తిరిగి, వరద రాని ఏడాదిలో అయినా వీటికే ఇచ్చేదాన్నని చెప్పి, నీలం కార్డు తీసుకుంది. రెండో బహుమతి ఎవరికీ ఇవ్వలేదు.

చప్పట్లు హాలు వెనక వరసలో మొదలయ్యాయి. షెడ్డులో ఊనాతో పనిచేసిన ఆడవాళ్లు అక్కడ కూర్చున్నారు. ట్రెవర్ జనంలోంచి దారి చేసుకుని వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"నువ్వు చెప్పావు," అన్నాడు.

"చెప్పాను," అంది ఊనా. తర్వాత అతని చెయ్యి అందుకుంది.

గెలిచినవాళ్ల పేర్లున్న బోర్డు గోడ మీద ఉంది. తండ్రి పేరు పద్నాలుగు సార్లున్న ఆ బోర్డును ఆమె తల ఎత్తి చదువుతుంటే మెర్విన్ రెండు కప్పుల టీ పట్టుకుని వచ్చాడు. నాన్న ఉంటే ఏమనేవాడో అని మొదలుపెట్టాడు. నాన్న ఉంటే తనను బల్ల దగ్గరికే రానిచ్చేవాడు కాదని ఊనా అంది. ఇద్దరూ నవ్వారు.

"సరేలే అక్కా," అన్నాడు మెర్విన్. "కాంక్రీటు వాడికి ఫోను చేసి వద్దంటాను. మాటంటే మాటే."

ఊనా టీ తాగడం పూర్తి చేసి కప్పు అతని చేతికిచ్చింది.

"వద్దనే చెప్పు. ఇంకోటి, ఇంటి ముందు గడ్డి కూడా ఇంకో మడి కోసం ఆగస్టులో తవ్వేస్తున్నా. నీ క్యారవాన్‌కి వేరే చోటు చూసుకో."