నీలం కార్ల తరఫున పెద్దమ్మ

పక్కింటి పెద్దమ్మ పోయిందని మొన్న మంగళవారం పొద్దున దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. సుబేదారిలో గాజుల దుకాణం నడిపిన మనిషిగా ఆమె చాలామందికి తెలుసు. ఫార్ములా కార్ల రేసుల మీద కొట్లాడే మనిషిగా నాకొక్కడికే తెలుసు.

అసలు ఆ కొట్లాట ఆమెది కాదు, వాళ్లబ్బాయిది. ఆదివారం సాయంత్రాలు వాడూ నేనూ మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని గొంతులు పోయేలా వాదించుకునేవాళ్లం. వాడిది నీలం కార్ల జట్టు, నాది ఎర్ర కార్లది. ఎవరి కారు చివరిదాకా వేగం నిలబెట్టుకుంటుంది, టైర్లు మార్చడానికి ఎవరు ముందు ఆగాలి, మాకు ఇదే లోకం. కొన్నేళ్ల కిందట తొర్రూరు రోడ్డు మీద వాడి బైకును లారీ గుద్దింది. ఇంటికి తెచ్చాక మొహం మీది గుడ్డ తల్లిని కూడా తీయనివ్వలేదు.

దినాలు అయిపోయిన తర్వాతి ఆదివారం పెద్దమ్మ మా ఇంటికొచ్చి వాడు కూర్చునే చోట కూర్చుంది. భర్త ఎప్పుడో పోయాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు. నేను టీవీ పెట్టలేదు. పెట్టమంది.

"వాడు లేడని నువ్వు గెలిచినట్టు కాదు కొడుకా. వాని దిక్కు నేను మాట్లాడ్త. వాడు ఏమంటుండెనో చెప్పు."

చెప్పాను. నా మీద వాదించడం అలా నేనే నేర్పాను. నేర్చుకున్నాక నన్ను బతకనిచ్చిందా! టైర్లు అరిగాయి, నీలం కారు ఇప్పుడే ఆగాలని నేనంటే, ఆగొద్దనేది. ఆగక వెనకబడితే ఎందుకాగలేదని వాళ్లను తిట్టేది. ఓడిన మర్నాడంతా నాతో మాట్లాడేది కాదు. మొండి మనిషి. కానీ ఏ కారు గోడకు గుద్దుకున్నా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "లేచిండా?" అని అడిగేది. డ్రైవరు దిగి నడిచాడని నేను చెప్పేదాకా కొంగు తీసేది కాదు.

ఊపిరితిత్తులు పాడై దవాఖానలో పడింది. చివరి ఆదివారం ఫోనులో రేసు పెట్టుకుని ఆమె మంచం పక్కన కూర్చున్నాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, తెర వైపు చూసే ఓపిక లేదు. మొదటినుంచీ నీలం కారే ముందుంది. టైర్ల కోసం ఆలస్యంగా ఆగి, చేతిలో ఉన్న రేసును మా ఎర్ర కారుకు అప్పజెప్పింది. ఏమైందని పెద్దమ్మ అడిగింది. మీవాళ్లే గెలిచారని చెప్పబోతుంటే నా మొహం చూసి కనిపెట్టింది.

"అబద్ధం జెప్పకు. నా కొడుకును అట్ల గెలిపియ్యకు."

ఓడిపోయారు పెద్దమ్మా అన్నాను. తలూపింది. వచ్చే రేసు చూద్దామంది. అది గుర్తొస్తే ఏడుపొస్తుంది, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ వచ్చే రేసు నిన్న అయింది. మొదటి రెండు స్థానాలూ నీలం కార్లవే. మా ఎర్ర కార్ల లెక్కలన్నీ తప్పాయి, నా వాదనలో పస లేదు. ఈ మాట నా నోట అనిపించాలని ముందు కొడుకు, తర్వాత తల్లి నా ప్రాణం తీశారు. చుట్టాలు ఆమెను మట్టి చేసి, ఆ ఇంటికి తాళం వేసి వెళ్లిపోయారు. మా కిటికీ తెరిచి, మీరే గెలిచారని అటువైపు గట్టిగానే అన్నాను. అక్కడ దీపం పెట్టేవాళ్లు కూడా లేరు.