పళ్ళ మేస్త్రి కట్టిన వీధి

మా ఆయన పళ్ళు కడతాడు. డాక్టరు కాదు. పళ్ళ డాక్టరు గది వెనక కిటికీ లేని చిన్న గది ఒకటుంది. అందులో కూర్చుని, డాక్టరు పంపే అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్ళు తయారుచేసే పని ఆయనది. వీధిలో అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. ఎదుటివాళ్ళు నవ్వితే మనం మొహం చూస్తాం, ఈయన నోరు చూస్తాడు. నన్ను మొదటిసారి చూసినప్పుడూ అంతే, "కింది వరసలో ఒకటి వంకర" అన్నాడు. నేను నోరు విప్పేలోపే "సరిచేయించుకోకండి, బాగుంది" అన్నాడు కాబట్టి బతికిపోయాడు. లేకపోతే ఆ రోజే చెడామడా దులిపేసేదాన్ని.

"ఉన్నది ఉన్నట్టు" అనేది ఆయన ఊతపదం. ఒకావిడ ముత్యాల్లాంటి వరస కావాలని అడిగితే, ఆవిడ పాత ఫోటో తెప్పించుకుని, ముందు పళ్ళ మధ్య సందుతో సహా చేసిపెట్టాడు. డాక్టరు గుర్రుమన్నాడు. ఆవిడ మాత్రం అద్దంలో చూసుకుని ఏడ్చేసి, అవే పెట్టుకుని వెళ్ళింది. ఇక అప్పటి నుంచి ఈయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

మాకు పిల్లల్లేరు. మా అన్న కొడుకు పెద్దవాడై, తను ఆడుకున్న ప్లాస్టిక్ ఇటుకల డబ్బా పారేస్తుంటే ఈయన ఇంటికి మోసుకొచ్చాడు. నొక్కితే ఒకదాని మీద ఒకటి కూర్చునే ఆ బొమ్మ ఇటుకలతో మొదట మా ఇల్లు కట్టాడు. తర్వాత పక్కిల్లు. పక్కింటికి అటువైపు గోడ ఎవరిదో తేలాలి కదా అని దాని పక్కది. అలా కొన్నేళ్ళలో మా భోజనాల బల్ల మీద మా వీధి మొత్తం లేచింది. మేము కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినడం మొదలుపెట్టాం. ఇటుక ముక్క ఒకటి కింద పడి నా అరికాలికి గుచ్చుకుందంటే ప్రాణం జివ్వుమనేది. నేను ఇల్లు ఎగిరిపోయేలా అరిస్తే, ఆయన లోపల్నుంచి "ఏ రంగుది?" అని అడిగేవాడు.

పళ్ళు అరగదీసే ఆకురాయితోనే ఇటుకలూ అరగదీసేవాడు. కటింగ్ షాపు అద్దంలో పగులు, మా డాబా మీంచి కారే నీటి గొట్టం, బేకరీ వెనక ఇనప మెట్లు, ముందు ఆగే పిండి వ్యాను, ఏదీ వదల్లేదు. మనుషుల్ని కూడా పెట్టాడు, గోరంతేసి బొమ్మలు, ఎవరి గుమ్మంలో వాళ్ళని. నేను మా కిటికీలో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంటాను. అలా ఎందుకు పెట్టారంటే, "నువ్వెప్పుడు వేరేగా నిలబడ్డావు?" అన్నాడు.

గడియారాలు బాగుచేసే తాత పోయిన రోజున మాత్రం నాకు నవ్వు రాలేదు. ఈయన సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా బల్ల దగ్గరికెళ్ళి, షాపు ముందు స్టూలు మీంచి తాత బొమ్మని రెండు వేళ్ళతో తీసి ఒక రేకు డబ్బాలో వేశాడు. అప్పటి నుంచి అదే పద్ధతయింది. వీధిలో వాళ్ళు పలకరింపుకని వచ్చి, ఓరకంట తమ గుమ్మం చూసుకునేవాళ్ళు. ఒంట్లో బాగోలేని వాళ్ళయితే, "నేనింకా బల్ల మీదే ఉన్నానా మేస్త్రీ?" అని అడిగి పెద్దగా నవ్వేవాళ్ళు. నవ్వేసి, జవాబు కోసం చూసేవాళ్ళు.

ఒక వానాకాలం బేకరీ మీది గదిలోకి ఒక అమ్మాయి అద్దెకొచ్చింది. ఒక సంచీ, ఒక చిన్న కూతురు, అంతే సామాను. పాప ఎడమకాలికి ఇనప కడ్డీల పట్టీ. మెట్లు దిగుతుంటే టకటకమని ముందు అదే వినబడేది. తల్లికి ముందు పళ్ళు విరిగి ఉన్నాయి. జారిపడ్డానని డాక్టరుకి చెప్పిందట. ఆ పళ్ళు కట్టిన రోజు మా ఆయన సరిగ్గా తినలేదు. "జారిపడితే అలా విరగవు, ఎవరో కొట్టారు" అన్నాడు.

సంగతి ఆ అమ్మాయే బేకరీ నడిపే అక్కకి చెప్పింది. మొగుడు. అంతకు ముందు రెండుసార్లు పారిపోతే రెండుసార్లూ వెతికి పట్టుకున్నాడు. "మళ్ళీ వెళ్ళావంటే ఈసారి పళ్ళతో ఆగను" అన్నాడట, కూతురి ముందే, నెమ్మదిగా, అరవకుండా. అది విన్నాక మా వీధిలో ఎవరూ సమావేశం పెట్టలేదు గానీ, అందరూ ఒకటే మాట మీద నిలబడ్డారు. బేకరీ మీద ఎవరుంటారని ఎవరడిగినా, అది పిండి బస్తాలు పెట్టుకునే గది అనేవాళ్ళు. నోట్లో నువ్వుగింజ నానని కటింగ్ షాపాయన కూడా ఆ ఒక్క విషయంలో నోరు మెదపలేదు.

ఇంత జరిగాక, మా ఆయన ఏం చేశాడు? ఆ తల్లీకూతుళ్ళ బొమ్మలు చేసి బేకరీ మీది కిటికీలో పెట్టాడు.

"వాళ్ళనెందుకు పెట్టారు?" అన్నాను.

"ఉన్నారు కదా."

"ఉన్నారని తెలియకూడదనే కదా వీధి వీధంతా నోరు కుట్టుకుని కూర్చుంది!"

"మన ఇంట్లో బల్ల. గోరంత బొమ్మ. ఎవరొచ్చి చూస్తారే?"

పాప కాలికి పట్టీ కూడా పెట్టాడు. పళ్ళ సెట్టుకి కొక్కేలు వంచే సన్నటి తీగ ఉంటుంది, దాన్ని భూతద్దం కింద పెట్టి, ఊపిరి బిగబట్టి వంచాడు. మోకాలి దగ్గర మడత, మడమ దగ్గర ఉంగరం, అన్నీ ఉన్నాయి. ఆయన చేతి పనంతటిలో అంత ముద్దొచ్చేది ఇంకొకటి లేదు. పాప కూడా వచ్చి చూసుకుని, తన కాలూ బొమ్మ కాలూ మార్చి మార్చి చూసి కిలకిలా నవ్వింది. వాళ్ళమ్మ నవ్వలేదు, అలాగని తీసెయ్యమనీ అనలేదు. మొహమాటస్తురాలు.

తర్వాత ఊళ్ళో లైబ్రరీ వాళ్ళు, సరదాగా చేతిపనులు చేసేవాళ్ళందరి పనులూ వారం రోజులు ప్రదర్శనకి పెడతామన్నారు. డాక్టరు మా ఆయన సంగతి చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆ వీధిని నేను తప్ప తిట్టినవాళ్ళు గానీ, మెచ్చినవాళ్ళు గానీ పెద్దగా లేరు. మనిషి ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. బల్లతో సహా మోయించుకుని వెళ్ళాడు. నేను ఆ రెండు బొమ్మలూ తీసెయ్యమని చెవినిల్లు కట్టుకుని పోరాను. "తీస్తే కిటికీ ఖాళీగా ఉంటుంది, అది అబద్ధం" అన్నాడు.

పేపరు నుంచి వచ్చిన ఫోటోల మనిషి అంత వీధినీ వదిలేసి ఆ పాప బొమ్మని తీశాడు, దగ్గరగా. మర్నాడు మందుల షాపులో, నేను పనిచేసే కౌంటరు మీద, పేపర్లో అరచేతి వెడల్పున ఆ పాప కాలు, ఆ తీగ పట్టీ. ఫోటో కింద ఊరి పేరూ లైబ్రరీ పేరూ ఉన్నాయి, వీధి పేరు లేదు.

లైబ్రరీకి పరుగున వెళ్ళి పేపరు ఆయన ముందు పడేశాను. చూసి తెల్లబోయాడు. రెండు బొమ్మలూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. బేకరీ అక్కా నేనూ కలిసి పైగది అమ్మాయికి చెప్పాం. ఆ పిల్ల గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఇంకో చోటు చూసుకుని ఈ వారంలో వెళ్ళిపోతానంది. ఎక్కడుందని చోటు? వీధి పేరు పడలేదు కదా అని ఆ పిల్లకి ధైర్యం చెప్పాం, మాకు మేమూ చెప్పుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని లైబ్రరీకి వెళ్ళేసరికి మా ఆయన బల్ల ముందు ఒకతను నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన జుట్టు, చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూస్తున్నాడు. వెనకాల ఎవరైనా ముసలివాళ్ళొస్తే పక్కకి జరిగి దారిస్తున్నాడు. బొమ్మ షాపుల బోర్డుల మీద రాతలన్నీ పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. అంత శ్రద్ధగా ఆ వీధిని చూసినవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. మా ఆయనా చూడలేదనుకుంటా, మొహం వెలిగిపోతోంది.

"ఇక్కడ ఒక పాప ఉండాలి కదండీ?" అన్నాడు అతను, ఖాళీ కిటికీ వైపు వేలు చూపిస్తూ. గొంతు మెత్తగా ఉంది. జేబులోంచి మడిచిన పేపరు తీశాడు.

మా ఆయన చెయ్యి తనంతట తనే చొక్కా జేబు మీదికి పోయింది. అతని చూపు ఆ చేతి వెంటే పోయింది.

"అది విరిగిపోయిందండీ, తీసేశారు" అన్నాను నేను అడ్డుపడి.

"అయ్యో. ఎడమకాలి పట్టీ ఎంత బాగా చేశారో. ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసి చేసినట్టే ఉంది."

నేను క్యారేజీతో మా ఆయన మోచేతిని పొడిచాను. "లేదండీ," అన్నాడు చివరికి, "ఊరికే ఊహించి కట్టాను. ఇలాంటి వీధి ఎక్కడా లేదు."

ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమయిందో నాకు తెలుసు. కన్నబిడ్డని నా బిడ్డ కాదన్నట్టుంది ఆ మొహం. నాకు ఏడుపొచ్చినంత పనయింది. అతను మాత్రం "అలాగాండీ" అని తలూపాడు.

సరిగ్గా అప్పుడే కటింగ్ షాపాయన పెళ్ళాన్నీ అత్తగారినీ వెంటబెట్టుకుని, మంచి బట్టలేసుకుని ఊడిపడ్డాడు. "ఏదీ మేస్త్రీ, నా షాపేదీ? అదిగో! నా అద్దంలో పగులు కూడా పెట్టేశాడు చూడవే!"

నేను కళ్ళెర్రజేశాను. ఆయన చూస్తేగా.

"మీ వీధేనాండీ ఇది?" అన్నాడు అతను అటు తిరిగి.

"మాదేనండీ! పాత బస్టాండు వెనకాల. వచ్చి చూసుకోండి, ఒక్క ఇటుక తేడా ఉంటే నా మీసం తీసేస్తా!" పైగది సంగతి చెప్పకూడదని ఆయనకి తెలుసు. వీధి సంగతి చెప్పకూడదని ఎవరు చెప్పారు పాపం?

"తప్పకుండా వస్తానండీ" అని అతను పేపరు మడిచి జేబులో పెట్టుకుని, తొందరేమీ లేకుండా బయటికి నడిచాడు.

నేను బేకరీ అక్కకి ఫోన్ కొట్టాను. పిండి వ్యాను వచ్చి బస్తాలు దింపుతోందని చెప్పింది. "ఆ తల్లీకూతుళ్ళని అందులో ఎక్కించి పంపెయ్ అక్కా, సంచీ కూడా వద్దు, ఇప్పుడే!" అన్నాను. టాక్సీలో వెళ్తున్నంతసేపూ మా ఆయన జేబు మీంచి చెయ్యి తియ్యలేదు. నేను తిట్టలేదు. తిట్టడానికి నాకు నోరు రాని రోజు అదొక్కటే.

మేము దిగేసరికి బేకరీ ముందు ఒక కారు ఆగి ఉంది. వ్యాను లేదు. అతను ఎవర్నీ ఏమీ అడగలేదట. కారు దిగి నేరుగా సందులోంచి వెనక్కి వెళ్ళి, మెట్లెక్కి, పైన కాసేపు ఉండి దిగొచ్చాడట. లోపల కౌంటరు దగ్గర నిలబడి ఒక బన్ను కొనుక్కుంటున్నాడు. అక్క చిల్లర లెక్కపెడుతోంది.

"ఒక్క ఇటుక తేడా లేదండీ," అన్నాడు మా ఆయన్ని చూసి, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా. "వెనక మెట్లు కూడా అచ్చం అలాగే ఉన్నాయి. ఆ పిండి వ్యానొక్కటే లేదు. మీ బొమ్మలో ఇక్కడే, గుమ్మం ముందే ఉంటుంది కదా? దాని మీద మిల్లు పేరు, ఊరి పేరు కూడా రాశారు. అంత చిన్న అక్షరాలు ఎలా రాశారండీ?"

అతను బన్ను కాగితంలో చుట్టుకుని, మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "మీ మేలు మర్చిపోనండీ" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, అదే నాకు భయం. కారు వీధి మలుపు తిరిగే దాకా మేము అలాగే నిలబడిపోయాం.

అక్క వ్యాను డ్రైవరుకి ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది. మళ్ళీ చేసింది. మూడోసారికి ఎత్తాడు. "మిల్లు దగ్గరికే వస్తున్నానక్కా. వీళ్ళని అక్కడే కదా దింపమన్నావు?" అక్క మా మొహాలు చూసింది. మా ఆయన ఆవిడ చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"మిల్లుకి వెళ్ళొద్దు. దారి మార్చుకో. ఆ అమ్మాయి ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపి, దింపి, వెనక్కి చూడకుండా వెళ్ళిపో."

"సరే మేస్త్రిగారూ. దింపాక ఎక్కడ దింపానో ఫోన్ చేసి చెప్తాను."

"వద్దు," అన్నాడు మా ఆయన. "ఎవరికీ చెప్పొద్దు. నాకసలే చెప్పొద్దు."