దొరువు కింద చామంతి

మూర పూలు బేరమాడేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. బిట్రగుంటలో రైల్వే క్వార్టర్ల దగ్గర బుట్ట దించుకుని కూర్చుంటే, పువ్వును వేళ్ళతో నలిపి చూసి, "వాడిపోయినట్టుండాయే" అనేవాళ్ళు. తెల్లవారుతుండగా కోసి, తడిగుడ్డ కప్పి మోసుకొచ్చిన చామంతులవి. మోచేతి నుంచి వేలికొస దాకా దండ సాగదీసి కొలిస్తే, "మూర సరిగ్గా వెయ్యి తల్లీ, చెయ్యి ముడుచుకుంటా ఉండావు" అనేవాళ్ళు. నా చెయ్యి పొడుగు. పెళ్ళిచూపుల రోజే మా అత్త ఈ చెయ్యి చూసి, "ఇది మూరేస్తే మనం మునిగిపోతాం" అన్నదట. అలాంటి చేతిని అనుమానిస్తే ఊరుకుంటానా? "నీ చేత్తోనే కొలుచుకో అమ్మా" అని దండ వాళ్ళ ముందు పడేసేదాన్ని. కొలుచుకుంటే నేనిచ్చిన దానికంటే తక్కువే వచ్చేది. చివరికి నా మూరకే తీసుకుని పోయేవాళ్ళు.

మా తోట ఉప్పు కాలువకు ఇవతల, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉంది. అంతా ఇసుక. మామ పోయాక అన్నదమ్ములు పంచుకుంటే తూర్పు సగం మా బావగారికి, అంటే మా ఆయన అన్నకు, పడమటి సగం మాకు వచ్చాయి. ఇసుకలో చామంతి ఎట్లా పండుతుందని ఊరి బయటివాళ్ళు అడుగుతుంటారు. దొరువు ఉంటే పండుతుంది. దొరువంటే బావి కాదు, ఇసుకలో నడుం లోతున తవ్విన గుంట. వాన నీళ్ళు ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. ఆ తియ్యనీళ్ళే దొరువులో ఊరేది. మోటారు పెట్టి లాగితే కింది ఉప్పు పైకొస్తుంది గనక కడవలతో పైపైన ముంచుకోవాలి. రెండు చేతులా రెండు కడవలు పట్టుకుని దిగడం, ముంచడం, ఎక్కి వచ్చి మొక్క మొదట్లో పొయ్యడం. తాగేదీ, వంటకు వాడేదీ ఆ నీళ్ళే. ముంచబోయే ముందు దోసిట్లో కాసిని తీసుకుని నాలిక మీద వేసుకోవడం మా అత్త నేర్పిన పద్ధతి. ఆషాఢంలో పిలకలు నాటితే కార్తీకానికి తోటంతా పచ్చగా పూసేది. నడుములు పడిపోయేవి గానీ, అప్పుడు నాకు ఏ లోటూ ఉన్నట్టు అనిపించేది కాదు.

బావగారు తన సగంలో రొయ్యల గుంట తవ్వించి, ఉప్పు కాలువ నుంచి నీళ్ళు తోడి నింపారు. రొయ్య పిల్లను వదిలే రోజు గట్టు మీద గంగమ్మకు పూజ చేసి నీళ్ళలో పూలు చల్లడం మావైపు ఆనవాయితీ. "ఇంటి పూలుండంగా బయట కొనేదెందుకమ్మా" అన్నారాయన. నేనూ సంతోషంగానే పెద్ద పూలు ఏరి దండ గుచ్చాను. గట్టు మీద పాతిన వేపకొమ్మకు నా చేత్తోనే కట్టాను. మిగిలినవి మా ఆయన దోసిళ్ళతో గుంటలో చల్లాడు. చామంతులు నీళ్ళ మీద తేలుతుంటే అందరం నిలబడి చూసి, ఎంత బాగుందో అనుకున్నాం.

కొన్నాళ్ళకు ఒక పొద్దున టీ విరిగింది. పాలవాణ్ణి తిట్టాను. మర్నాడు వేరేచోట పాలు తెచ్చి కాచినా విరిగింది. విరిచేది పాలు కాదు, నీళ్ళనీ, గుంటలోని ఉప్పు ఇసుకలో ఊరి మా దొరువులోకి దిగుతోందనీ అప్పుడు గానీ నాకు తట్టలేదు. రోజూ రుచి చూస్తున్న నాలికే, ఉప్పు రోజుకింత చొప్పున వస్తుంటే దానికి అలవాటు పడిపోయింది. కొత్తవాళ్ళెవరైనా అయితే ఒక్క గుక్కకే ఉమ్మేసి ఉండేవాళ్ళు. మేం మాత్రం తియ్యగానే ఉన్నాయనుకుంటూ తాగాం, మొక్కలకూ అవే పోశాం.

గుంట గట్టును ఆనుకుని ఉన్న సాళ్ళలో ఆకుల అంచులు మాడడం మొదలైంది. బావగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన కసురుకోలేదు, కుర్చీ వేయించి కూర్చోబెట్టారు. "పూలదేముందమ్మా, కావలి మార్కెట్ నిండా పూలే. అయినా గట్టు చుట్టూ కాలవ తీపిస్తాలే, ఊటంతా దాంట్లోకే పోతాది" అన్నారు. ఆ కాలవ ఎన్నటికీ పడలేదు. ఊళ్ళో పెద్దలకు చెప్పుకుంటే, అన్నదమ్ముల సంగతి ఇంట్లోనే తేల్చుకోమన్నారు. ఇంట్లో తేల్చాల్సిన మనిషేమో, "అన్న తీపిస్తానన్నాడు గదా" అని కంచంలోకి చూస్తూ అన్నం కలుపుకునేవాడు. ఆ కంచం తీసి అవతల పారెయ్యాలనిపించేది నాకు.

పడమటి కొసన ఇంకో దొరువు తవ్వించాను. అక్కడ నీళ్ళు కొంచెం మేలు. అక్కడి నుంచి మోసి మోసి ఒక్క మడి బతికించుకున్నాను. అదొక్కటీ నిలిస్తే, దాని పిలకలతో మళ్ళీ తోట పెట్టుకోవచ్చని ఆశ. సగం బుట్టతో బిట్రగుంట వెళ్తే, "ఏమ్మా, ఇంతేనా?" అని అడిగేవాళ్ళు.

రెండో పంటకు పిల్లను వదిలే రోజు వచ్చింది. పూలకోసం బావగారు మళ్ళీ కబురు పెట్టారు. తోటలోకి వెళ్ళి, మాడిపోయిన మొక్కలు వేళ్ళతో సహా పీకి, బుట్ట నింపి, తడిగుడ్డ కప్పి తీసుకెళ్ళాను. గట్టు మీద ఊరి పెద్దలున్నారు, మా తోడికోడలు హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. గంగమ్మ ముందు బుట్ట దించి గుడ్డ తీశాను. "మీ గుంట మిగిల్చిన పూలు ఇవే బావగారూ" అన్నాను.

గొడవవుతుందని సిద్ధపడే వెళ్ళాను. ఆయన వంగి ఒక మొక్క చేతిలోకి తీసుకుని, జాలిగా అటూ ఇటూ తిప్పి చూశారు. "అయ్యో, చీడ పట్టినట్టుండాదే" అన్నారు. ఆ తర్వాత మా ఆయన వైపు చూశారు.

అందరూ మా ఆయన వైపే చూశారు. నేనూ చూశాను. నాతో పాటు ఆ కడవలు మోసిన మనిషి, ఆ నీళ్ళు తాగిన మనిషి.

"చీడే అన్నా" అన్నాడు.

ఎవరో బండి మీద కావలి వెళ్ళి పూలు తెచ్చారు. పూజ జరిగింది. నేను బుట్ట అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. ఆ సాయంత్రం అతనికి అన్నం పెట్టాను. కంచంలోకి చూస్తూ కలుపుకుని తిన్నాడు. ఆఖరి మడి ఎండలు ముదిరేదాకా నిలిచింది, ఆ తర్వాత అదీ పోయింది. మా ఆయన ఇప్పుడు అన్న గుంట మీదే రొయ్యలకు మేత వేసే పనిలో ఉన్నాడు. మాకు అక్కడి నుంచే గింజలు రావాలి మరి.

ఈసారి పూజకు పూలు తెచ్చే పని నాకే అప్పజెప్పారు. "పూల సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసమ్మా" అన్నారు బావగారు. బస్సెక్కి కావలి వెళ్ళాను. మార్కెట్ బయట నా వయసుదే ఒకామె, తడిగోతం మీద చామంతి దండలు పరుచుకుని కూర్చుంది. తాజా పూలు. అవి తాజావని నాకొకరు చెప్పక్కర్లేదు. అయినా ఒక పువ్వు అందుకుని వేళ్ళతో నలిపాను.

"వాడిపోయినట్టుండాయే" అన్నాను.

ఆమె దండ తీసి కొలవబోయింది.

"మూర సరిగ్గా వెయ్యి తల్లీ."

ఆమె తలెత్తి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. దండ నా ముందు పడేసి, "నీ చేత్తోనే కొలుచుకో అమ్మా" అంది.

చెయ్యి చాచాను. ఆమెది పొట్టి చెయ్యి. ఎన్ని మూరలు కావాలో అన్నీ నా మూరతోనే కొలుచుకుని, బుట్టలో వేసుకుని బస్సెక్కాను.