మండక్కి నింపిన హెల్మెట్

మా వీధిలో ఉండే పత్తి మిల్లు యజమాని మొన్న వచ్చి, బేళ్ళకు రేడియో ట్యాగులు వేయిస్తే లాభమేనా అని అడిగాడు. నేను పవర్ ప్లాంటులో వాటితో పనిచేశానని ఆయనకు తెలుసు. లాభమేనన్నాను. ప్లాంటు స్టోర్సులో ఒక వాల్వు కోసం రెండు రోజులు వెతికేవాళ్ళం. ట్యాగులొచ్చాక రీడరు పట్టుకొని వరసల మధ్య నడిస్తే చాలు, కూత పెట్టి చూపించేది. ఆనాటి డైరీలో మెచ్చుకుంటూనే రాసుకున్నాను.

ఆయన లేచి వెళ్తూ, "బేళ్ళయినంక కూలోళ్ళకు గూడ వేస్త సార్. ఎవడు యాడున్నడో కూసున్న కాడనే తెలుస్తది," అన్నాడు.

అప్పటినుంచీ నా ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ డైరీ మళ్ళీ తీశాను.

బాయిలర్ మరమ్మతుకు మాకొక పాత పద్ధతి ఉండేది. లోపలికి దిగే ప్రతి మనిషీ తన ఇత్తడి బిళ్ళను తలుపు పక్కన బోర్డుకు తగిలించి దిగేవాడు, బయటికొచ్చాక తీసుకునేవాడు. ఒక్క బిళ్ళ మిగిలినా తలుపు మూసేవారు కాదు. కొత్తగా వచ్చిన అధికారి ఆ బోర్డును ఊడబెరికించి తుక్కులో వేయించాడు. హెల్మెట్లకు ట్యాగులు అతికించి, గేటుకు రీడరు బిగించి, స్క్రీను ముందు నన్ను కూర్చోబెట్టాడు.

మరమ్మతు చివరి రోజు మధ్యాహ్నం బాయిలర్ దగ్గరినుంచి ఇంజనీరు ఫోను చేశాడు. "లోపల ఎవరైనా ఉన్నారాండీ? తలుపు మూసేస్తున్నాం. సాయంత్రం మంట వెలిగించాలి."

స్క్రీను మీద బూడిద తీసే ముఠా అంతా బయటికి పోయినట్టుంది. "ఎవరూ లేరు," అన్నాను. ఆ మాట నేనన్నదే. యంత్రం మీదికి తోయను.

ఫోను పెట్టేసరికి గేటు దగ్గర గొడవ. చంద్రబండ ఊరి నుంచి కూలికి వచ్చే ఒకామెను కాపలావాడు అడ్డగించాడు. ఆమె తలమీద ఒక హెల్మెట్, చేతిలో మరొకటి. చేతిలోదాని నిండా మండక్కి, అదే తాలింపు మరమరాలు, పైన నాలుగు మిర్చి బజ్జీలు.

"పని అయిపోయిందమ్మా. మళ్ళ లోపలికి పోనియ్యం."

"అయిపోతే మా ఆయన ఏడి? నువ్వేమన్న మింగినవా?"

నేను కిటికీలోంచి అడిగాను. "ఆ టోపీ ఎవరిదమ్మా?"

"మా ఆయనదే సార్. వంగితే అడ్డమొస్తుందని తీసిచ్చిండు. గిన్నె లేకుంటే దీంట్లనే పెట్టిచ్చుకొచ్చిన."

"ఆయనెక్కడ?"

"బాయిలర్లనే ఉన్నడు. మూలకు బూడిద గోకుతుండు."

ఫోను చేస్తే ఇంజనీరు, "ఇప్పుడేగా లేరన్నారు? స్క్రీను ఏమంటోందండీ?" అన్నాడు.

"స్క్రీను పోనియ్! తలుపు తెరువు!"

నౌకరీలో నేను ఒకరిమీద అరవడం అదే మొదలు. అరిచి ఊరుకోలేక పరుగెత్తాను. ఆమె నాకంటే ముందు పరుగెత్తింది. మండక్కి దారి పొడుగునా రాలింది. మేం వెళ్ళేసరికి బిగించిన బోల్టులు మళ్ళీ విప్పుతున్నారు. తలుపు తీయగానే నిలువెల్లా బూడిదతో ఒక ఆకారం పాక్కుంటూ బయటికొచ్చింది.

"లైటు తీసేసిండ్రు. ఎంత ఒర్రినా ఎవడూ వినలే," అని దగ్గాడు. తర్వాత పెళ్ళాన్ని చూసి, "మండక్కి ఏదే?" అన్నాడు.

"దారెంట పడింది. పోయి ఏరుకో," అని ఆమె ఏడ్చింది.

విచారణ జరిగింది. హెల్మెట్ తీసినందుకు అతన్నీ, బయటికి తెచ్చినందుకు ఆమెనూ పనిలోంచి తీసేశారు. ఆమె ఆ మండక్కి పట్టుకొని తిరిగి రాకుంటే అతను బూడిదలో బూడిదయ్యేవాడన్న సంగతి నివేదికలో లేదు. ట్యాగుల పద్ధతి సరిగ్గానే పనిచేసిందని రాశారు. నిజమే, హెల్మెట్ బయటికి పోయింది, రీడరు అదే చెప్పింది. కింద నా సంతకం అడిగారు. పెట్టాను. రిటైరవడానికి కొద్ది నెలలే ఉన్నాయని పెట్టాను. ఆనాటి పేజీలో ఆ సంగతి ఒక్క వాక్యం రాశాను, కలం ఒత్తిన ఒత్తుకు కాగితం చిరిగింది.

రేపు ఉదయం మిల్లు యజమానిని రమ్మన్నాను. బేళ్ళకు నిశ్చింతగా వేయించుకోమంటాను. కూలీల మాటెత్తితే ఆ చిరిగిన పేజీ ముందు పెడతాను. చదివాక అడుగుతాను: నీ మిల్లులో తలుపు మూసేముందు లోపలికి తల పెట్టి కేకేసేది ఎవరు?