షట్టర్ లోపల గంగరాజు

2023 శీతాకాలం. సౌదీలోని ఖతీఫ్‌లో, చేపల మార్కెట్ వెనక వీధిలో ఉన్న కంప్యూటర్ రిపేరు షాపులో నేను టెక్నీషియన్‌ని. పేరు మస్తాన్, సొంతూరు కడప. ఇన్నేళ్లలో కాలిపోయిన బోర్డులు, పాడైన డిస్కులు ఎన్నో చూశాను. మనసులోంచి పోనిది మాత్రం అసలు పాడవని ఒక ప్రాసెసర్ సంగతి.

శనివారం ఇక్కడ చాలా కంపెనీలకు సెలవు. మధ్యాహ్నం మా షాపులో ప్రాసెసర్ల మీద వాదన నడిచేది. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్పు. ఇప్పటిదాకా తయారైనవాటిలో ఏది గొప్పదన్నదే ఎప్పుడూ తగాదా. సైన్సు మాస్టారుగా రిటైరైన ఇక్కడి పెద్దాయన అబూ హసన్‌ది క్యూ 6600 పక్షం. జగిత్యాల నుంచి వచ్చి మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీలు బాగుచేసే గంగరాజుది సెలెరాన్ 300ఏ పక్షం.

"అగ్గువకు కొని, స్పీడు పెంచుకుంటే పెద్ద చిప్పుల ఇజ్జత్ తీసింది. గరీబోని గుర్రం అది" అనేవాడు. అది నేను అరబ్బీలో చెబితే అబూ హసన్ నవ్వేవాడు. "గుర్రమా, గాడిదా? నాది ఏళ్ల తరబడి మూడు గిగాహెర్ట్జ్ మీద పరుగెత్తుతోంది, యా మస్తాన్. అతనికి చెప్పు."

గంగరాజు దగ్గర కూడా ఒక క్యూ 6600 ఉంది. తుక్కులో పడేసిన కంప్యూటర్‌లో దొరికింది. దాని స్పీడు రెండు పాయింట్ నాలుగు గిగాహెర్ట్జ్. ఆ రకం చిప్పు ఫ్యాక్టరీ నుంచి వచ్చేదే అంత స్పీడుతో. "ఈయనది మూడెట్ల కొడ్తది? నా చిప్పు తీస్కొని నీ చిప్పు ఇయ్యరాదూ?" అని ఆయన్ని ఆటపట్టించేవాడు.

ఒక శనివారం అబూ హసన్ తన కంప్యూటర్ తెచ్చి ఇచ్చాడు. నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందట. విప్పితే ఫ్యాన్ నిండా దుమ్ము, థర్మల్ పేస్ట్ ఎండిపోయింది. చిప్పు వేడిని పైనున్న లోహపు దిమ్మెకు చేరవేసే బంకను థర్మల్ పేస్ట్ అంటారు. పైన తుడిచి కొత్త పేస్ట్ రాస్తే పనైపోయేది. నా శుభ్రత మీద నాకు గర్వం. చిప్పును ఊడదీసి అడుగుభాగం కూడా స్పిరిట్‌తో తుడిచి, టేబుల్ మీద ఆరబెట్టాను. అంతలో అసర్ అజాన్, మధ్యాహ్నం తర్వాతి నమాజుకు పిలుపు, వినిపించింది. అబూ హసన్ ఇంటికి వెళ్లాడు.

నమాజు వేళ షాపు మూయాలన్న పట్టింపు ఇప్పుడు తగ్గినా, మా ముదీర్, అంటే మేనేజరు, ఆ అలవాటు వదల్లేదు. షట్టర్ దించి నేను మసీదుకు పోతాను. గంగరాజు హిందువు కనుక లోపలే కూర్చుంటాడు. ఎన్నో వారాలుగా అంతే.

తిరిగొచ్చి చిప్పు బిగించి స్విచ్ వేశాను. స్క్రీన్ మీద రెండు పాయింట్ నాలుగు. సెట్టింగులన్నీ వెతికాను. ఆ బోర్డులో స్పీడు పెంచే ఏర్పాటే లేదు. మెల్లగా తలెత్తి గంగరాజును చూశాను. ఆ రోజు అతను పెద్దగా మాట్లాడలేదనిపించింది. చెయ్యి జేబులో ఉంది. టీ కూడా సగంలో వదిలేశాడు.

"గంగన్నా, నేను పోయినాక టేబుల్ మీదవేమన్నా ముట్టుకున్నావా?"

"లే భాయ్. ఎందుకు?"

"ఊరికే అడుగుతాండా."

"ఊరికే అడిగేటోనివి నా జేబు దిక్కెందుకు చూస్తున్నవ్?" అని లేచి వెళ్లిపోయాడు. దొరికిపోతానన్న భయంతోనే వెళ్లాడనుకున్నాను.

అబూ హసన్ వచ్చి స్క్రీన్ చూశాడు. "ఇది నా చిప్పు కాదు. షట్టర్ లోపల ఎవరున్నారు?" అన్నాడు. ఇంకొంచెం చూడనివ్వండి అనవలసింది. పేరు చెప్పేశాను. అంతటితో ఊరుకోలేదు. "అతని దగ్గర ఇలాంటిదే ఒకటుంది" అని కూడా అన్నాను. ఆ మాట నన్నెవరూ అడగలేదు.

అబూ హసన్, గంగరాజు పనిచేసే కంపెనీకి ఫోన్ చేశాడు. మర్నాడు పనివాళ్లుండే క్యాంపు ఇన్‌చార్జి గదిలోవాళ్లందరి ముందు గంగరాజు పెట్టె తెరిపించి, చిప్పు తీసుకున్నాడు. డ్యూటీ ఆపారు. దొంగతనమని తేలితే వీసా రద్దుచేసే ఖురూజ్ ముద్ర కొట్టి ఇంటికి పంపేస్తామన్నారు. అంటే మళ్లీ ఇక్కడ పని ఉండదు.

ఆ చిప్పు అబూ హసన్‌దో కాదో తేల్చమని నా దగ్గరికే పంపారు. ఆయన కంప్యూటర్‌లోనే పెట్టి చూశాను. అదీ రెండు పాయింట్ నాలుగే. మార్చేసి ఉంటే ఇది మూడు చూపాలి కదా. అప్పుడైనా నా అనుమానం ఆగలేదు. అసలుది ఇంకెక్కడో దాచాడనుకున్నాను.

చివరికి రెండు చిప్పులనూ బోర్లించి భూతద్దం కింద పెట్టాను. చిప్పు అడుగున బోర్డుకు తగిలే బంగారు రంగు చుక్కలుంటాయి. అబూ హసన్ కంప్యూటర్‌లోంచి తీసిన చిప్పు మీద ఒక్క చుక్క మిగతావాటికన్నా మెరుస్తోంది, దాని చుట్టూ సన్నగా జిగురు. ఆ రోజు తుడుస్తున్నప్పుడు అక్కడ ఒక నల్లటి పొక్కు కనిపిస్తే మురికి అనుకొని గోటితో గీకేశాను.

అది టేపు ముక్క. ఆ చుక్కను టేపుతో కప్పేస్తే, వచ్చింది వేగమైన చిప్పనుకొని బోర్డు దాన్ని మూడు గిగాహెర్ట్జ్‌తో నడుపుతుంది. ఈ కిటుకు గురించి చదివానేగాని కళ్లతో చూడలేదు. కంప్యూటర్‌ను అబూ హసన్‌కు అమ్మినవాడెవడో చేసి ఉంటాడు. అదే చుక్క మీద చిన్న టేపు ముక్క అంటించి స్విచ్ వేశాను. మూడు.

అబూ హసన్ ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. "అంటే ఇన్నాళ్లూ నేను పొగిడింది టేపునా?" అని లేచి చెప్పులేసుకున్నాడు. ఇద్దరం క్యాంపుకు వెళ్లాం. ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. పెట్టె ఎవరి ముందు తెరిపించారో వాళ్ల ముందే నేను గంగరాజుకు చిప్పు ఇచ్చాను.

"గంగన్నా, నా చేతులు చేసిన తప్పును నీ నెత్తిన పెట్టినా."

అతను చిప్పును అటూ ఇటూ తిప్పి చూశాడు. "తుడిచినవా దీన్ని గూడ?" అన్నాడు. గదిలో ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు.

మర్నాటి నుంచి డ్యూటీకి పోయాడు. నేను ఏ చిప్పునైనా తుడిచే ముందు రెండు వైపులా ఫోటో తీస్తున్నాను. అది పని నేర్పిన జాగ్రత్త. ఏదైనా తేడా వస్తే ముందు నేనేం చేశానో గుర్తు తెచ్చుకున్నాకే ఎదుటి మనిషి వైపు చూడాలన్నది గంగరాజు వల్ల తెలిసింది.

అతను ఇప్పటికీ శనివారాలు వస్తాడు. సెలెరానే గొప్పదంటాడు. అసర్ అజాన్ మొదలవగానే మాత్రం, నేను షట్టర్ దగ్గరికి చేరేలోపే లేస్తాడు.

"బయట ఎండ మండిపోతాంది. లోపల కూర్చో గంగన్నా" అంటాను.

"నువ్వు తాళమెయ్యి భాయ్" అంటాడు. నేను నమాజు ముగించి వచ్చేదాకా ఎదురుగా గోడ పక్కన, చేతులు రెండూ జేబుల్లోంచి బయటకు తీసి, నిలబడి ఉంటాడు.